ఎన్ని రాత్రులు?

ఉత్తర గేటు
9 జూన్ 2009

సెగామెట్సీ,

నీ ఉత్తరం అందింది. రెండో స్పేరు చక్రం కవరులో పెట్టానన్నావు, మొదటి చక్రం కవరులో దొరికింది. నేను చక్రాల చుట్టూ తడుముతుంటే ఆ బండి నడుపుకుంటూ వచ్చిన దంపతులు దొంగననుకున్నారు. ఆవిడైతే నన్ను ఫోటో కూడా తీసింది. పంచదార వచ్చింది, టీ పొడి వచ్చింది, రెండూ కలిసిపోయి వచ్చాయి. మీ కంపెనీ బండ్లలో అతిథుల వంటపెట్టెలు ఎంత పొందిగ్గా సర్దుతావో రోజూ చూస్తున్నాను. మేనమామ సామాను దగ్గరికి వచ్చేసరికి నీ చేతులకేమవుతుందో.

ఈ అడవిలో ఫోను పలకదు, రేడియో పార్కు పనికే వాడాలి. మౌన్ ఊరి నుంచి నువ్వు సర్ది పంపే ఈ అద్దె బండ్లే మనకు పోస్టు బండ్లు. పాపం, వాటిలో వచ్చేవాళ్ళకి ఆ సంగతి తెలియదు.

నిన్న ఒకడొచ్చాడు. నేను గేటు పక్క గార్డు గదిలో కూర్చుని జొన్న సంకటి తింటున్నాను. తలుపు తోసుకుని తిన్నగా నా నెత్తి మీదికి వచ్చి, సంతకం ఎక్కడ పెట్టాలి అన్నాడు. గుమ్మం బయట నిలబడి 'కో కో' అనాలని, లోపలివాళ్ళు రమ్మన్నాకే అడుగు పెట్టాలని మనకు పాలపళ్ళు ఊడకముందే నేర్పుతారు. వీళ్ళకు అమ్మలు లేరా? వాణ్ణి బయటికి పంపి, కో కో అనిపించి, అప్పుడు రానిచ్చాను. పుస్తకం తెరిచి అందరినీ అడిగే నాలుగూ అడిగాను. పేరు, ఎక్కడి నుంచి, నారింజలున్నాయా, ఎన్ని రాత్రులు. సంచిలో ఆరు నారింజలున్నాయి. ఆ వాసనకి ఏనుగు బండి తలుపు ఊడబీకుతుందంటే నవ్వాడు. ఆరూ నేనే తినేశాను.

ఆగస్టు ఆఖరుకి నా ఉద్యోగం అయిపోతుంది. అరవై నిండాయని కాగితం వచ్చేసింది. నాకున్నది ఒక పెట్టె. దాన్ని ఎక్కడ దించాలో నాకు తెలియడం లేదమ్మాయ్. మనలో మగవాడు ముసలితనానికి అమ్మ వాకిలి పక్కనే దించుతాడు. మా అమ్మ నాతో ఒక్క మాట మాట్లాడి ఇరవై రెండేళ్ళయింది. మాట లేని వాకిట్లోకి పెట్టె ఎలా మోసుకెళ్ళను?

ఎండు చేపల మూట పంపుతున్నాను. ఎప్పటిలాగే మా అమ్మకి ఇవ్వు.

వానలు కురవాలి.
మామయ్య ఒలెబిలే

*

మౌన్
17 జూన్ 2009

మామయ్యా,

ముందు నీ చేపల సంగతి. ఎప్పటిలాగే పక్కింటి పిల్లికి పోయాయి. ఆ పిల్లి ఒళ్ళు చేసి ఇప్పుడు గోడ ఎక్కలేకపోతోంది. అమ్మమ్మ మూట విప్పను కూడా విప్పలేదు. "మళ్ళీ వెక్కిరిస్తున్నాడు" అని ఊరుకుంది. చేపలు పంపడం వెక్కిరించడం ఎలా అవుతుంది? నాకు అర్థం కాలేదు, అడిగితే చెప్పదు.

అసలు విషయం ఇది కాదు. నీ ఉత్తరం ఆమెకు చదివి వినిపించాను. కోప్పడకు. ఇంతకు ముందు నీ పేరెత్తితే లేచి కోళ్ళ దగ్గరికి వెళ్ళిపోయేది. ఈసారి కలువ దుంపలు తొక్క తీస్తోంది, చేతులు తడి, లేవలేకపోయింది. పెట్టె సంగతి ఉన్న ముక్క మాత్రం వదిలేశాను, అది నువ్వు నాకు రాసుకున్నది. ఆ తలుపు తోసుకొచ్చినవాడి దగ్గరికి వచ్చేసరికి, 'వీళ్ళకు అమ్మలు లేరా' అని నేను చదవగానే నవ్వింది మామయ్యా. మామూలు నవ్వు కాదు. కత్తి కింద పెట్టి, పొట్ట పట్టుకుని, దగ్గు వచ్చి, నేను వీపు రాసేదాకా నవ్వింది. కళ్ళు తుడుచుకుని "ఆ ముక్క మళ్ళీ చదువు" అంది. మూడుసార్లు చదివించుకుంది.

ఎందుకు నవ్విందో నీకేమైనా తెలుసా? నాకు రెండు రోజులుగా అదే ఆలోచన. నిన్న ఒక బండిలో గ్యాసు బండ పెట్టడం మరిచిపోయి మా యజమానితో చీవాట్లు తిన్నాను.

ఆ రాత్రి నుంచి అన్నీ నన్నే అడుగుతోంది. బండి నెత్తి మీద గుడారం ఎలా నిలుస్తుంది? డబ్బిచ్చి మరీ ఎందుకు పడుకుంటారు అక్కడ? వాళ్ళ ఊళ్ళలో నేల లేదా? ఆ పార్కు పార్కు కాకముందు ఆమె పుట్టింది అక్కడేనట కదా. "నేను ఊరికే పడుకున్న చోటుకి వాళ్ళు టిక్కెట్టు కొనుక్కుంటున్నారా" అని ఒకటే ఆశ్చర్యం.

మీ ఇద్దరికీ అసలు ఏం జరిగింది? అమ్మని అడిగితే "మీ మామయ్యనే అడుగు" అంటుంది. అడుగుతున్నాను.

వానలు కురవాలి.
సెగామెట్సి

*

ఉత్తర గేటు
24 జూన్ 2009

సెగామెట్సీ,

నవ్విందా. నవ్వదూ మరి! కొడుకు ముప్ఫై ఏళ్ళు గేటు కర్ర ఎత్తి దించి, ఒక పుస్తకంలో పేర్లు రాసి ముసలివాడయ్యాడని నవ్వి ఉంటుంది. నా ఉత్తరాలు ఇక ఎవరికీ చదివి వినిపించకు. నీకూ ఎలా రాయాలో ఆలోచించుకోవలసి వస్తోంది.

అడిగావు గనక చెబుతాను, ఒక్కసారే. 1987, ఇవే నెలలు. పార్కు లోపలి నీళ్ళలోంచి చేపలు, దుంపలు తెచ్చుకుంటున్నారని మన ఊరి మీద ఫిర్యాదు వచ్చింది. సోదాకి మమ్మల్ని నలుగుర్ని పంపారు. "నీ ఊరే కదా, నువ్వే ముందు నడువు" అన్నాడు మా పై అధికారి. నడిచాను. అమ్మ వాకిట్లో కూర్చుని బుట్ట అల్లుతోంది. గోడకి ఆనించిన చేపల బుట్టలు రెండు, చేపలతో సహా ఎత్తుకొచ్చాం. ఆవిడ తల ఎత్తి నన్ను చూసింది. ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడం ఇవాళ్టి దాకా సాగుతోంది.

మరుసటి ఏడు దుప్పటి పట్టుకుని వెళ్ళాను. వీపు నావైపు పెట్టి కూర్చుంది. కంచె మీద తగిలించి వచ్చేశాను. అప్పటి నుంచి చేపలు తీసుకున్నందుకు చేపలే పంపుతున్నాను, నా జీతంతో కొని, ఏటా. ఇంకేం చెయ్యమంటావు? ఆ యూనిఫారం మీద కోపం ఆవిడకి. పుట్టిన చోటు నుంచి లేపేసినవాళ్ళ బట్టలు నేను తొడుక్కున్నాను. అది నాకు తెలుసు, దానికి మందు లేదు.

ఊరంతా ఆవిణ్ణి పెద్దకొడుకు పేరుతోనే పిలుస్తుంది కదా. 'మ్మా-ఒలెబిలే' అని రోజుకి పదిమంది పిలుస్తుంటే పలకవలసి వస్తోంది పాపం. అది తలుచుకుంటే నాకు నవ్వు రాదు.

ఇంతకీ దగ్గు తగ్గిందా? కాళ్ళ వాపు ఎలా ఉంది? అడిగానని చెప్పకు.

వరద నీళ్ళు దిగివస్తున్నాయి. మీ బండ్లవాళ్ళకి చెప్పు, లోతు తెలియని నీళ్ళలోకి దిగవద్దని.

మామయ్య

*

మౌన్
3 జులై 2009

మామయ్యా,

కూర్చుని చదువు. అమ్మమ్మ నీ పార్కుకి వస్తోంది.

ఇంజను విప్పి బిగించిన పాత బండి ఒకటుంది మా దగ్గర. అతిథులకి ఇచ్చే ముందు నాలుగు రోజులు ఇసకలో తిప్పి చూడాలి. డ్రైవరు సెలవులో ఉన్నాడు. నేను వెళ్తానన్నాను. మూడు వందల బండ్లు సర్ది పంపాను గాని ఒక్క రాత్రి కూడా ఆ గుడారంలో పడుకోలేదు కదా, సామాను పరీక్షించడానికి నాకన్నా ఎవరు కావాలి అన్నాను. యజమాని సరేనన్నాడు. ఇంటికొచ్చి అమ్మమ్మతో మాటవరసకి అన్నాను. "ఎన్ని చోట్లు ఉన్నాయి బండిలో?" అంది.

ఎందుకొస్తున్నావంటే "అక్కడ కో కో అనకపోతే రానివ్వని మనిషి ఉన్నాడట కదా, చూడాలి" అంది. వ్యంగ్యమో ఏమో నాకు తెలియదు. ముఖం మాత్రం మామూలుగానే ఉంది.

జులై 14, మంగళవారం, ఉత్తర గేటు. మధ్యాహ్నం లోపల నీ ముందుంటాం. మూడు రాత్రులకి నాలుగో నంబరు విడిది చోటు రాయించు. గుమ్మడంత బరువు కాయలు వేలాడే చెట్టు కింద బండి పెట్టకూడదని తెలుసు, ఆ పాఠం అతిథులకి రోజూ చెప్పేది నేనే. నారింజలు తీసుకురాను. ఆవిడ చీపురు తెస్తానంటోంది. అడవిలో చీపురెందుకు అంటే నావైపు జాలిగా చూసింది.

నువ్వు ఆమెతో ఏం మాట్లాడాలో ఇప్పటి నుంచే ఆలోచించుకో. చేపల మాటెత్తకు, బతిమాలుకుంటున్నాను.

సెగామెట్సి

*

ఉత్తర గేటు
14 జులై 2009, గేటు మూసే వేళ

సెగామెట్సీ,

పదకొండు బండ్లు వచ్చాయి. పదకొండింటికీ కర్ర ఎత్తాను. ఏ బండి దుమ్ము కనపడినా లేచి నిలబడ్డాను. యూనిఫారం వద్దనుకుని తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి తొడుక్కున్నాను. నిన్ననే మాంసం ఉడికించి దంచి పెట్టాను, ఆవిడకి పళ్ళు లేవని మెత్తగా. తోటి గార్డులు తిన్నారు, బాగుందన్నారు.

నా గేటు కనపడగానే వెనక్కి తిప్పమని ఉంటుంది. లేదా మౌన్‌లోనే బండి దిగిపోయి ఉంటుంది. నిన్ను తప్పు పట్టను. నువ్వు ఆశ పెట్టావు, నేను పెట్టుకున్నాను. ఈ వయసులో సిగ్గుగా ఉంది, అంతే.

చేపలు ఇక పంపను. పెట్టె ఫ్రాన్సిస్‌టౌన్‌కి తీసుకెళ్తాను. అక్కడ ఒక స్నేహితుడు గది అద్దెకిస్తానన్నాడు. ఊరికి రాను. మీ అమ్మకి నువ్వే చెప్పు.

రేపు పొద్దున మీ బండి ఒకటి తిరిగి వెళ్తోంది. అందులో పెడుతున్నాను.

మామయ్య

*

నాలుగో నంబరు చోటు
15 జులై 2009, పొద్దున

మామయ్యా,

మేం లోపలే ఉన్నాం. నీకు తొమ్మిది కిలోమీటర్ల దూరంలో.

మౌన్ నుంచి నీ గేటుకి వచ్చే దారి నీళ్ళ కింద ఉంది. నేను దిగి కర్రతో లోతు చూశాను, తొడ దాటింది. అమ్మమ్మ బండిలోంచి తల బయటపెట్టి "మొసలికి నిన్ను పరిచయం చేయకు, ఎక్కు" అంది. చుట్టూ తిరిగి దక్షిణ గేటు నుంచి వచ్చేసరికి చీకటి పడబోతోంది. నీకు రేడియోలో చెప్పమని అక్కడి గార్డుని బతిమాలాను. అలాగే అన్నాడు గాని అప్పటికే కుర్చీలో కునుకుతున్నాడు. చెప్పాడా? చెప్పి ఉండడు.

ఆ గార్డు పేరు అడిగితే అమ్మమ్మ తన పేరు చెప్పలేదు. "మ్మా-ఒలెబిలే, అలాగే రాయి" అంది. చూసుకో కావాలంటే.

ఇప్పుడు అసలు సంగతి. తెల్లారి నేను నిచ్చెన దిగేసరికి, బండి లోపల పడుకున్న ఆవిడ అప్పటికే లేచి చుట్టూ ఊడుస్తోంది. మన వాకిట్లో ఊడ్చినట్టే, గుండ్రంగా, ఒక్క ఆకు లేకుండా. రాత్రి పడుకునే ముందు కూడా ఊడ్చిందట. "చూడు ఎవరెవరు వచ్చారో" అని ఇంకా ఊడవని వైపు ఇసక చూపించింది. హైనా ఒకటి వచ్చి నా చెప్పుల కోసం వెతికింది. ముంగిస వచ్చింది. ఏనుగు మాత్రం ఊడ్చిన అంచు దాకా వచ్చి, అంచు వెంబడే నడిచి, పక్కనుంచి పోయింది. అమ్మమ్మ ఆ పెద్ద అడుగులు చూసి "దీనికి తెలుసు" అంది. "నా కొడుక్కి తెలియదు" అంది.

నేను గిన్నె పక్కన పెట్టి కూర్చున్నాను. అప్పుడు చెప్పింది మామయ్యా. నేను ఒక్క మాట కూడా మార్చకుండా రాస్తున్నాను.

"బుట్టలదేముంది, ఆ నెలలోనే ఇంకో రెండు అల్లుకున్నాను. బట్టలదీ ఏముంది, వాడికి కూడు పెట్టే బట్టలవి. వాడు నా వాకిట్లోకి కో కో అనకుండా నడిచొచ్చాడు. వెనక ముగ్గురు పరాయివాళ్ళని వేసుకుని. నేను మనిషిని కానట్టు, అది ఇల్లు కానట్టు. పార్కువాళ్ళు మమ్మల్ని లేపిన రోజు కూడా వాళ్ళ పెద్దమనిషి మా కంచె బయట నిలబడి పిలిచాడు. నా కొడుకు పిలవలేదు."

మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాను. "వాడికి మాటలు రాకముందే నేర్పాను. అరవై ఏళ్ళవాడికి మళ్ళీ నేర్పనా? దుప్పటి తెచ్చిన రోజు వీపు పెట్టి కూర్చున్నాను, ఇప్పుడు పిలుస్తాడు, ఇప్పుడు పిలుస్తాడు అని. కంచె మీద తగిలించి పోయాడు. ఆ తరవాత చేపలు. ఏం తీసుకున్నాడో అది గుర్తుంది వాడికి. ఎలా వచ్చాడో గుర్తు లేదు."

నీ ఉత్తరం విని ఎందుకు నవ్విందో ఇప్పుడు తెలిసిందా? నాకు తెలిసింది. నాకు నవ్వు రాలేదు.

పక్క చోటులో డచ్చి దంపతులున్నారు, ఇవాళ నీ గేటు నుంచి బయటికి పోతారు. వాళ్ళ చేతికిస్తున్నాను. పదిహేడు పొద్దున దాకా ఇక్కడే ఉంటాం.

సెగామెట్సి

*

మౌన్
22 జులై 2009

మామయ్యా,

బండి కడుగుతుంటే నీ పద్నాలుగో తారీకు ఉత్తరం నా బల్ల మీద పెట్టారు. తెల్ల చొక్కా, మెత్తగా దంచిన మాంసం, ఫ్రాన్సిస్‌టౌన్ గది. చదివి చాలాసేపు ఏడ్చాను. నువ్వు వచ్చి వెళ్ళావని తెలిసీ ఏడ్చాను.

బండి బాగా నడిచింది. రేడియేటరు నిండా గడ్డి గింజలు ఇరుక్కున్నాయి, అవి పీకుతూ రెండు రోజులు గడిచాయి. మా యజమాని నన్ను ఇకనుంచి అతిథులకి ఇసకలో నడపడం నేర్పమన్నాడు. అమ్మమ్మ చివరి రోజు నిచ్చెనెక్కి గుడారంలో కూర్చుంది. నేను పట్టుకోబోతే చెయ్యి మీద కొట్టింది. పైన కూర్చుని అటూ ఇటూ చూసి "ఊఁ, దీనికా డబ్బిచ్చేది" అని దిగింది. కాని దిగడానికి గంట పట్టింది.

ఇప్పుడు నా ప్రశ్న. పదిహేనో తారీకు మధ్యాహ్నం నువ్వు మా చోటుకి వచ్చినప్పుడు నేను కుళాయి దగ్గర గిన్నెలు తోముతున్నాను. దూరం నుంచి చూశాను. నువ్వు టోపీ చేతిలో పట్టుకుని ఒకచోట ఆగిపోయావు. ఆవిడ కుండలోంచి తల ఎత్తలేదు. నేను రాకూడదనుకుని తోమిన గిన్నెలే మళ్ళీ తోమాను. వచ్చేసరికి ఇద్దరూ టీ తాగుతున్నారు. నీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పొగ అన్నావు. పొయ్యి ఆరిపోయి ఉంది మామయ్యా.

ఏం మాట్లాడుకున్నారు? ఆవిడ చెప్పడం లేదు. "నీకెందుకు, గిన్నెలు తోముకో" అంటోంది. కాని మన వాకిట్లో గోడ పక్కన ఒక పెట్టె పట్టేంత మూల రోజూ ఊడుస్తోంది. ఎందుకంటే కోళ్ళకి అంటుంది. కోళ్ళని అటు రానివ్వదు.

వానలు కురవాలి.
సెగామెట్సి

*

ఉత్తర గేటు
30 జులై 2009

అమ్మాయ్,

అంతా చెబుతాను, తప్పించుకోలేను కదా నీ దగ్గర.

పదిహేనో తారీకు పదకొండింటికి నా గది బయట ఎవరో వింతగా "కో కో, కో కో" అన్నారు. చూస్తే ఆ డచ్చివాళ్ళు. అమ్మే నేర్పిందట, అలా అంటేనే లోపలి మనిషి ఉత్తరం తీసుకుంటాడని. రమ్మన్నాను. ఇచ్చారు. వాళ్ళ పేర్లు పుస్తకంలో ఎక్కడ రాశానో ఇప్పటికీ వెతుకుతున్నాను, దొరకలేదు.

రెండుసార్లు చదివాను. ఇరవై రెండేళ్ళు నేను బుట్టలు లెక్కపెట్టుకున్నాను. బట్టలని తిట్టుకున్నాను. ఆ రోజు వాకిట్లోకి ఎలా అడుగు పెట్టానో ఒక్కసారి కూడా తలుచుకోలేదు. తలుచుకుంటే కనపడుతోంది. వెనక అధికారి ఉన్నాడు, అతని ముందు అమ్మని పిలవడానికి నాకు నామోషీ అనిపించింది. అదీ నిజం. నా గదిలోకి పిలవకుండా వచ్చినవాడిపై నీకు ఉత్తరాలు రాసిన పెద్దమనిషిని నేను.

గస్తీ బండి అడిగి తీసుకుని వచ్చాను. దూరంగా ఆపి నడిచాను. ఆ చోటుకి కంచె లేదు, గుమ్మం లేదు. ఎక్కడ ఆగాలో తెలియక నడుస్తుంటే ఇసకలో ఊడ్చిన అంచు కనపడింది. అక్కడ ఏనుగు అడుగులున్నాయి, పక్కకి తిరిగినవి. వాటి పక్కన ఆగాను.

"కో కో" అన్నాను. పలకలేదు. మళ్ళీ అన్నాను. కుండ కలుపుతోంది. టోపీ తీసి చేతిలో పట్టుకుని మూడోసారి అన్నాను.

"ఎవరు?" అంది.

"ఒలెబిలేని."

"ఎక్కడి నుంచి?"

ఉత్తర గేటు నుంచి అనబోయాను. ఆవిడ తల ఎత్తి చూసింది. "నీ దగ్గరి నుంచేనమ్మా" అన్నాను.

కుండ పొయ్యి మీంచి దించింది. తరవాత, నవ్వకుండా, "నారింజలున్నాయా?" అంది.

నా ఉత్తరంలో ఆ ముక్క మొత్తం గుర్తుపెట్టుకుంది, నువ్వు మూడుసార్లు చదివావు కదా. జేబులు రెండూ బయటికి తీసి చూపించాను. లోపలికి రమ్మంది. ఊడ్చిన చోట అడుగులు నెమ్మదిగా వెయ్యమంది. కూర్చున్నాక శాలువ చివరతో నా ముఖం మీది దుమ్ము తుడిచింది, అరవై ఏళ్ళ ముఖం. అప్పుడు క్షమించమన్నాను. "ముందు టీ తాగు" అంది.

నాలుగోది అడగలేదేమిటా అనుకుంటూ తాగుతున్నాను. నువ్వు గిన్నెలతో వస్తున్నావు. నువ్వు దగ్గరపడే లోపల అడిగింది, చిన్నగా, నాకే వినపడేట్టు.

"ఎన్ని రాత్రులు?"

నాకు ఏడుపు ఆగలేదు, జవాబు చెప్పలేకపోయాను. పొగ కాదు, నువ్వన్నది నిజమే. ఆవిడే అంది, "సరే, అది ఖాళీగా వదిలెయ్యి. పెట్టె తెచ్చినప్పుడు చెబుదువుగాని." పెట్టె సంగతి నువ్వు చదవలేదన్నావు కదా, ఆవిడకి ఎలా తెలిసిందో.

సెప్టెంబరు మొదటి తారీకుకి ఇటు వచ్చే బండి ఏదైనా ఉంటే వెనక కొంచెం చోటు ఉంచమని మీ డ్రైవరుకి చెప్పు. పెట్టె ఒకటే. చేపలు లేవు.

వానలు కురవాలి.
మామయ్య